బిర్యానీ వెంట వచ్చే కూల్‌డ్రింకు గారికి ఒక పంటి వైద్యుడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కూల్‌డ్రింకు గారికి,

హైదరాబాదు నుంచి ఒక పంటి వైద్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, ఈ ఊళ్లో బిర్యానీ పొట్లం ఎక్కడ విప్పితే అక్కడ మీ సీసా మూత తెరుచుకుంటున్నప్పుడు మీ క్షేమం ప్రత్యేకంగా అడగనక్కరలేదు కనుక నేరుగా విషయానికి వస్తున్నాను.

మీకు నేనెంతో రుణపడి ఉన్నాను. పుచ్చిన పన్ను తొలిచి సిమెంటు నింపి పంపిన మనిషి కొన్నాళ్లకే తిరిగివచ్చి, "డాక్టరుగారూ, మీరు పెట్టింది అప్పుడే అరిగిపోయింది, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది" అని నన్ను నిలదీస్తాడే తప్ప, చేతిలో మిమ్మల్ని పట్టుకొని ఉండి కూడా మీ పేరెత్తడు.

నోటిలో పీహెచ్, అంటే తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగిందని చెప్పే కొలత, 5.5 కంటే దిగితే ఎనామిల్ అనే పంటి గట్టి పైపొర కరగడం మొదలవుతుంది. కోలా రూపంలో మీరు దాదాపు 2.5 దగ్గర ఉంటారు. చక్కెర లేని అవతారంలోనూ ఆమ్లాన్ని వదిలిపెట్టి రారు, కాకపోతే ఆ సీసా పట్టుకున్నవారి ముఖంలో పుణ్యం చేసిన కళ కనిపిస్తుంది.

నిజానికి మనమిద్దరం ఒకే సరుకు వాడతాం. పంటి రంగు ఫిల్లింగు అతికించే ముందు ఎనామిల్ మీద ఫాస్ఫారిక్ ఆమ్లం పూయడం 1955లో దంత పరిశోధకుడు బ్యూనోకోర్ చూపిన దారి. దాదాపు 37 శాతం గాఢత గల జెల్ పావు నిమిషం ఉంచి, కడిగి ఆరబెడితే ఎనామిల్ సుద్దలా తెల్లబడి గరుకెక్కుతుంది, ఆ గరుకులోకి రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగురు పాకి పట్టు సంపాదిస్తుంది. కోలాలో మీరు తెచ్చేదీ అదే ఆమ్లం, బాగా పలచన చేసినది. మేము పని కాగానే కడిగేస్తాం. మీరు కబుర్లయ్యేదాకా కదలరు.

కాంపోజిట్ అనే ఆ పంటి రంగు ఫిల్లింగులో గాజు రేణువులను పట్టి ఉంచే రెజిన్‌ను మీరు మెత్తబరుస్తారు, గరుకెక్కిన ఆ పైభాగం మీద ఇరానీ చాయ్ తన మరక వేసుకుంటుంది. విల్సన్, కెంట్ అనే శాస్త్రవేత్తలు 1972లో లోకానికి పరిచయం చేసిన, గాజుపొడిని ఆమ్లంతో కలిపి చేసే గ్లాస్ అయొనమర్ సిమెంటు మీద మీ ప్రతాపం ఇంకా ఎక్కువ: నిమ్మకాయ సోడా వేషంలో వచ్చినప్పుడు మీలోని సిట్రిక్ ఆమ్లం అందులోని కాల్షియాన్ని పట్టి లాగేస్తుంది. చిన్నపిల్లల పళ్లకు మేము తరచుగా వాడేది ఆ సిమెంటే. పాతకాలపు వెండి ఫిల్లింగు మాత్రం మీకు అంత తేలికగా లొంగదు. చుట్టూ ఉన్న పన్ను కరిగిపోగా అదొక్కటే పైకి పొడుచుకొని నిలబడుతుంది.

గడగడా తాగేసి వెళ్లిపోయేవాడి వల్ల నాకు ఒరిగేది తక్కువ, లాలాజలం మెల్లగా మీ ఆమ్లాన్ని విరిచేస్తుంది. నా అసలైన పోషకుడు హైటెక్ సిటీలో కంప్యూటరు ముందు కూర్చొని ఒకే సీసాను సాయంత్రం దాకా గుక్కెడు గుక్కెడుగా చప్పరించేవాడు. ప్రతి గుక్కకూ లాలాజలం పని మళ్లీ మొదటికొస్తుంది. తాగిన వెంటనే, మెత్తబడి ఉన్న పళ్లను బ్రష్షుతో గట్టిగా తోమేవాడు అంతకంటే ఉత్తముడు.

మిమ్మల్ని పూర్తిగా మానుకొమ్మని జనానికి చెప్పే సాహసం నాకు లేదు. భోజనంతో వచ్చి భోజనంతోనే వెళ్లి, మీ వెనుక ఒక గుక్క మంచినీళ్లకు దారి ఇవ్వండి చాలు. అది కుదరదంటే, ఊడిన ఫిల్లింగుకు మళ్లీ డబ్బెందుకివ్వాలని నాతో బేరమాడేవారిని ఇకమీదట మీ దగ్గరకే పంపుతాను. మీ వాటా ఎంతో వారికి మీరే చెప్పండి.

ఇట్లు,
మీ దయవల్ల తీరిక లేని
ఒక పంటి వైద్యుడు