వాస్క్యులైటిస్ ఉన్నవారికి ఫ్లూ టీకా ప్రమాదకరమన్న ప్రచారానికి ఖండన

రోగనిరోధక వ్యవస్థ సొంత రక్తనాళాల మీదే దాడి చేసే వాస్క్యులైటిస్ ఉన్నవారు ఫ్లూ టీకా వేయించుకుంటే జబ్బు తిరగబెడుతుందని, టీకా వల్లే ఫ్లూ వస్తుందని, పైగా వారు వాడే మందుల వల్ల అది ఎలాగూ పనిచేయదని ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. దాన్ని నమ్మి టీకా మానుకునేవారే ఫ్లూ వల్ల ఎక్కువగా నష్టపోతారు కనుక జవాబు చెప్పక తప్పదు.

మొదటి వాదన పైకి సబబుగానే తోస్తుంది. టీకా తర్వాత వాస్క్యులైటిస్ బయటపడిన ఉదంతాలు వైద్య పత్రికల్లో అక్కడక్కడా నమోదైన మాట కూడా నిజమే. అయితే తిరగబెట్టడం ఈ జబ్బు స్వభావంలోనే ఉంది. ఏటా ఎందరో వేయించుకునే టీకా తర్వాత వారిలో కొందరికి అది యాదృచ్ఛికంగానైనా తిరగబెడుతుంది. టీకా కారణమో కాదో తేలాలంటే వేయించుకున్నవారినీ వేయించుకోనివారినీ పోల్చి చూడాలి. సొంత తెల్ల రక్తకణాల మీదే పనిచేసే ‘అన్కా’ అనే యాంటీబాడీలతో (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రోటీన్లతో) ముడిపడిన వాస్క్యులైటిస్ రోగులను నెదర్లాండ్స్ పరిశోధకులు అలా పోల్చి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, టీకా వల్ల జబ్బు తిరగబెట్టడం పెరగలేదని తేలింది. అదే రకం వాస్క్యులైటిస్‌లో, చికిత్స మొదలైన తొలి ఏడాది జరిగే మరణాలకు జబ్బు తీవ్రత కంటే ఇన్ఫెక్షన్లే ఎక్కువగా కారణమవుతున్నాయన్న సంగతిని ఆ సందేశం ప్రస్తావించనే లేదు. నా దృష్టిలో అందులోని అతి పెద్ద లోపం ఇదే.

టీకా వల్ల ఫ్లూ వస్తుందన్నది తప్పు. ఇంజెక్షన్‌గా ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. ఒకటి రెండు రోజులు జ్వరం, చేయి నొప్పి రావచ్చు. ముక్కులో స్ప్రేగా ఇచ్చే టీకాలో మాత్రం బలహీనపరచిన సజీవ వైరస్ ఉంటుంది కాబట్టి, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారు దానికి దూరంగా ఉండాలి.

మూడో వాదనలో కొంత నిజం ఉంది. యాంటీబాడీలను తయారుచేసే కణాలకు మూలమైన బి కణాలను, వాస్క్యులైటిస్‌కు వాడే రిటుక్సిమాబ్ అనే మందు నిర్మూలిస్తుంది కనుక, ఆ మందు తీసుకున్న తర్వాతి నెలల్లో టీకాకు స్పందన బాగా తగ్గుతుంది. కానీ తగ్గిన రక్షణ వేరు, అసలు రక్షణే లేకపోవడం వేరు. కీళ్ల, రోగనిరోధక జబ్బుల వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022 మార్గదర్శకాల ప్రకారం రిటుక్సిమాబ్ వాడేవారు సైతం ఫ్లూ టీకాను వాయిదా వేయకూడదు. జబ్బు అదుపులో ఉంటే రిటుక్సిమాబ్ తర్వాతి డోసునే టీకా అనంతరం కనీసం రెండు వారాలు ఆపవచ్చు. రోగనిరోధక శక్తిని అణచే మరో మందు మెథోట్రెక్సేట్‌నూ అలాగే రెండు వారాలు నిలపవచ్చు, అయితే ఆ నిర్ణయం చికిత్స చేసే డాక్టరుదే. స్టెరాయిడ్ ఏ మోతాదులో వాడుతున్నా ఫ్లూ టీకా ఆపనక్కరలేదు. ఎక్కువ మోతాదు టీకా గానీ, స్పందనను పెంచే పదార్థం కలిపిన టీకా గానీ దొరికితే ఇంకా మంచిది.

గతంలో ఫ్లూ టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు మాత్రం ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. రోగిలో రక్షణ తక్కువగా ఏర్పడే అవకాశం ఉన్నప్పుడు, అదే ఇంట్లో ఉండే ఆరోగ్యవంతులు కూడా ఏటా టీకా వేయించుకుంటే వైరస్ రోగి దాకా చేరే అవకాశం తగ్గుతుంది.