అరాకి ఎవరిని అడిగి తీశాడు?

జపాన్ ఫొటోగ్రాఫర్ నొబుయోషి అరాకి పేరు చెప్పగానే తాళ్లతో కట్టేసిన ఆడవాళ్ల ఫొటోలే గుర్తొస్తాయి. నన్నడిగితే ఆయన అసలు సత్తా అంతకు చాలా ముందు, 1969-73 మధ్య తీసిన ‘టోక్యో’ సిరీస్‌లోనే ఉంది. అందులో ఫొటోలు జంటలుగా ఉంటాయి. ఒకవైపు వీధిలో నడిచిపోతున్న మనుషులు, పక్కనే నగ్నంగా ఉన్న స్త్రీ. విడివిడిగా చూస్తే ఏదీ అంతగా ఆకట్టుకోదు. పక్కపక్కన పెట్టేసరికి మాత్రం, రోడ్డు మీద తలొంచుకుని పోతున్న మనిషికీ తలుపు వెనక ఇంకో బతుకుంటుందని చటుక్కున తడుతుంది.

ఈ చూపు ఊరికే రాలేదు. అరాకి 1940లో టోక్యోలోని మినోవాలో, గెటా అనే చెక్కచెప్పులు చేసే ఇంట్లో పుట్టాడు. ఇంటి ఎదురుగానే జోకాన్‌జి గుడి. యోషివారా వేశ్యావాటికలో దిక్కులేక చనిపోయిన ఆడవాళ్లను పూడ్చింది అక్కడే. చిన్నప్పుడు ఆయన ఆడుకున్నదీ అక్కడే.

1963లో దెన్‌త్సు అనే యాడ్ కంపెనీలో చేరాడు. పగలంతా సరుకు అమ్మిపెట్టే ఫొటోలు తీయడమే పని. 1970లో ఆఫీసు జిరాక్స్ మెషీన్ మీదే ఆల్బమ్‌లు తీసి స్నేహితులకు, విమర్శకులకు, చివరికి టెలిఫోన్ డైరెక్టరీలో కనబడిన ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా పోస్ట్ చేశాడు. కాగితం ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో వేరే చెప్పాలా!

ఆయన్ని వెనకేసుకొచ్చేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు. ‘టోక్యో’లో కెమెరా ముందున్న స్త్రీకి ఫొటో తీస్తున్నారని తెలుసు. కానీ తన ఒళ్లు ఏ వీధి పక్కన పడుతుందో, చూసేవాళ్లకు ఏమని తోస్తుందో తేల్చింది ఆయనే. ఆమె పేరు కూడా మనకు చెప్పలేదు.

భార్య యోకో సంగతి వేరు. 1971లో సొంత ఖర్చుతో వెయ్యి కాపీలు వేసిన ‘సెంటిమెంటల్ జర్నీ’ వాళ్ల హనీమూన్ ఫొటోలే. యానగావాలో పడవలో చాప మీద ముడుచుకుని నిద్రపోతున్న యోకో ఫొటో అందులోదే. తర్వాత ఆమె తమ కాపురం గురించి తానే వ్యాసాలు రాసింది. ఆమెకు పేరుంది, గొంతుంది.

2018లో కావోరి నోరు విప్పింది. 2001 నుంచి 2016 దాకా ఆయనకు మోడల్‌గా ఉన్నా అగ్రిమెంట్ ఏదీ లేదని, తనను అడక్కుండానే ఫొటోలు వాడుకున్నారని రాసింది. ఆ ఆరోపణను ‘టోక్యో’ మీదికి తోయలేం. అయినా ఏ ఫొటో ఎక్కడికి పోవాలో తేల్చే పెత్తనం అప్పుడూ ఇప్పుడూ ఆయనదే. అందుకే ‘టోక్యో’ గొప్ప పని అంటే ఒప్పుకుంటాను గానీ, పేరు కూడా దక్కని ఆ స్త్రీలను ఆయనకు స్ఫూర్తిదేవతలంటే మాత్రం ఒప్పుకోను.