సీఏ-125 నంబర్ చూసి భయపడకండి

రక్తంలో సీఏ-125 అనే ప్రొటీన్ ఎంతుందో చూసే టెస్టు ఒక్కటి చేయించుకుంటే అండాశయ క్యాన్సర్ మొదట్లోనే దొరికిపోతుందని మీ వ్యాసంలో రాశారు, అది సరికాదు. మాది దేవరకొండ దగ్గర పల్లె. రెండేళ్ల కింద మా చిన్నమ్మకు కడుపు ఉబ్బుతోందని టెస్టు చేయిస్తే 35 లోపు ఉండాల్సింది 400 దాటింది, బాబాయి ఆ రిపోర్టును పట్టాదారు పాస్‌బుక్ ఉండే ప్లాస్టిక్ కవర్లోనే మడిచి పెట్టుకొని ఎవరికీ చూపించకుండా నాలుగు రోజులు తిండి మానేశాడు. హైదరాబాద్‌లో బయాప్సీ చేస్తే తేలింది కడుపులో టీబీ! ఆరు నెలలు మందులు మింగింది, ఇప్పుడు బత్తాయి తోటలో కూలోళ్ల మీద కేకలేస్తోంది.

ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) ఉన్నా, ఫైబ్రాయిడ్స్ (గర్భసంచిలో క్యాన్సర్ కాని గడ్డలు) ఉన్నా, నెలసరి టైంలోనూ ఈ ప్రొటీన్ పెరుగుతుంది. అదే మొదటి స్టేజ్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి నార్మల్‌గానే ఉంటుంది. బ్రిటన్‌లో 2 లక్షల మంది ఆడవాళ్లపై ఏళ్ల తరబడి చేసిన స్క్రీనింగ్ (జబ్బు బయటపడకముందే చేసే పరీక్షలు) ఫలితాలు 2021లో వచ్చాయి, మరణాలు తగ్గలేదు.

అలాగని పనికిరాని టెస్టేం కాదు. జబ్బు ఖాయమయ్యాక కీమోకు నంబర్ ఎంత తొందరగా దిగుతోందన్నది డాక్టర్లకు చాలా చెబుతుంది. హెచ్‌ఈ4 అనే ఇంకో ప్రొటీన్ టెస్టు ఉంది, ఆ ప్రొటీన్ ఎండోమెట్రియోసిస్‌కు అంతగా పెరగదు. కొత్తగా క్యాన్సర్ గడ్డ కణాల మీద ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా అనే ప్రొటీన్ ఎక్కువుంటే దాన్నే పట్టుకొని కొట్టే మందు వచ్చింది, 2022లో అమెరికాలో అనుమతిచ్చారు. దాని గురించి రాయాల్సింది మీరు.