రెండెకరాల రైతు వల్లే ప్రపంచానికి ఆకలా?

కొన్ని వారాలుగా తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. రెండెకరాల, మూడెకరాల కమతాలతో ప్రపంచానికి తిండి పెట్టలేమని, చిన్న రైతులు పట్నాలకు పోయి కంపెనీలు వేల ఎకరాలు కలిపి యంత్రాలతో సాగు చేస్తే ఆకలి దానంతటదే పోతుందని, పెద్ద సేద్యమే నీటినీ పొదుపుగా వాడుతుందని, చిన్న రైతుకు చేసే సాయం బూడిదలో పోసిన పన్నీరని అందులోని సారాంశం. నాకు దీన్ని నలుగురు పంపారు. వారిలో ఇద్దరు సేద్యం చేసే ఇళ్లలో పుట్టినవారే.

మొదటి వాదన: చిన్న కమతంలో పండేది తక్కువ. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పరిశోధకులు 2021లో ప్రచురించిన అంచనా ప్రకారం రెండు హెక్టార్ల లోపు, అంటే మన లెక్కలో దాదాపు ఐదెకరాల లోపు కమతాల కింద ఉన్నది ప్రపంచ సాగుభూమిలో 12 శాతమే అయినా, వాటిలో పండేది ప్రపంచ ఆహారంలో సుమారు 35 శాతం. చిన్న రైతుల పక్షాన మాట్లాడేవారు తరచూ చెప్పే 70 శాతం అంకె నిలబడదని కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. మన దేశంలో కమతం పెరిగే కొద్దీ ఎకరా దిగుబడి తగ్గుతోందని అమర్త్యసేన్ 1962లోనే గుర్తించారు. యంత్రాలు వచ్చాక ఆ తేడా తగ్గిందనే వాదనా ఉంది. సందేశం రాసినవారు మాత్రం ఒక్కో మనిషి ఎంత పండిస్తున్నాడో చూసి, దాన్నే భూమి దిగుబడిగా చెబుతున్నారు.

అసలు లెక్కకే రాని పంట మరొకటి ఉంది. మన మెట్ట చేలలో వేరుశనగ ఒక్కటే వేయరు, కొన్ని సాళ్లకు ఒక సాలు చొప్పున కందో, అలసందో, అనపో (అనుములు) వేస్తారు. కార్తీకంలో కాయలు పీకేశాక చేను ఖాళీ అయినట్టు కనిపిస్తుంది గాని, అనప అప్పుడే పుంజుకుంటుంది. ధనుర్మాసంలో తిరుపతి వీధుల్లో గోనెపట్టా మీద రాశి పోసి అమ్మే అనపకాయలు, ఇంట్లో గింజలు ఒలిచి నానబెట్టి, ఒక్కొక్కటిగా వేళ్లతో నొక్కి పితికిపప్పు చేసుకునే అనపకాయలు ఆ చేలవే. ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే దశలో వాన మొహం చాటేసి వేరుశనగ దెబ్బతిన్న ఏడాది కూడా, ఆలస్యంగా పడిన వానకు కంది, అనప ఎంతో కొంత చేతికొస్తాయి. ఎకరాకు ఎన్ని బస్తాల కాయలని మాత్రమే అడిగే లెక్కలో ఆ పప్పు లేదు, కాయలు పీకాక ఆవుకు మేతగా వేసే వేరుశనగ కట్టె లేదు, ఆ ఆవు ఇచ్చే పాలూ లేవు.

రెండో వాదన: తిండి చాలకే ఆకలి. ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం 2024లో సుమారు 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారు. 2022లో ప్రపంచంలో దుకాణాల్లో, హోటళ్లలో, ఇళ్లలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. 2002లో మన ప్రభుత్వ గోదాముల్లో ఆరు కోట్ల టన్నులకు పైగా ధాన్యం మూలుగుతున్నప్పుడే దేశంలో ఆకలి చావుల వార్తలూ వచ్చాయి. ఆకలితో ఉన్నవారిలో ఎక్కువమంది పల్లెల్లోనే ఉంటారు, వారిలో చాలామంది స్వయంగా రైతులో, కూలీలో. 2025లో మన తోతాపురి మామిడి విరగకాసింది, ధర పడిపోయింది. కిలోకు 12 రూపాయలు దక్కేలా అందులో 4 రూపాయలు తానే ఇస్తానని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. అక్కడ కొరత పడింది కాయ కాదు, రైతు చేతిలో డబ్బు.

మూడో వాదన: సాయం దండగ. దీనికి ఆకలిని అంతం చేయడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కించి 2020లో వెలువడిన సెరెస్ 2030 అనే అంతర్జాతీయ అధ్యయనం సూటిగా జవాబు చెబుతుంది. 2030 వరకు ఏటా అదనంగా 3,300 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తే, అందులో 1,400 కోట్లు దాత దేశాలు భరిస్తే, 49 కోట్ల మందిని ఆకలి నుంచి బయటపడేయవచ్చని, 54.5 కోట్ల చిన్న రైతుల ఆదాయం సగటున రెట్టింపు చేయవచ్చని, అదీ కర్బన ఉద్గారాలు ప్యారిస్ ఒప్పందపు హద్దు దాటకుండానే సాధ్యమని ఆ అధ్యయనం లెక్కగట్టింది. అయితే సాయం ఏ రూపంలో అన్నది ముఖ్యం. ఆఫ్రికా దేశమైన మలావీ 2005లో ఎరువులకు, విత్తనాలకు భారీ రాయితీ ఇచ్చి రెండేళ్లలో మొక్కజొన్న మిగులు సాధించింది, కానీ ఆ ఖర్చు తర్వాత ఖజానాకు గుదిబండ అయింది. సెరెస్ పరిశోధకులు ఎక్కువగా సిఫార్సు చేసింది రైతు సంఘాలు, పొలం దాకా వచ్చే సలహా, కోత తర్వాత నష్టం తగ్గించే నిల్వ, కరువును తట్టుకునే విత్తనం. చివరిది మనకు కొత్త కాదు. బెట్టను తట్టుకునే ధరణి వేరుశనగ రకం తిరుపతి పరిశోధన కేంద్రంలోనే పుట్టింది.

పెద్ద సేద్యమే నీటిని పొదుపుగా వాడుతుందన్న మాటకు ఎక్కువ చెప్పనక్కరలేదు. మన దగ్గర బోర్లు అతిగా తవ్వినవారిలో చిన్న రైతులూ ఉన్నారు, నిజమే. కానీ బిందుసేద్యం గొట్టానికి పొలం విస్తీర్ణంతో పనిలేదు, పెట్టుబడితోనే పని.

కొనుగోలు సంగతి సందేశంలో అసలు లేదు. బ్రెజిల్ 2009లో చట్టం చేసి, బడి భోజనానికి కేంద్రం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతం కుటుంబ సేద్యం చేసేవారి పంట కొనడానికే ఖర్చు చేయాలంది. చిన్న రైతుకు ఏడాది పొడవునా కొనేవాడు దొరికాడు. మన బడుల్లోనూ పిల్లలకు చిక్కీ, రాగిజావ ఇస్తున్నారు. వేరుశనగ, రాగులు మన పక్క మండలం చేలలోనూ పండుతాయి. బడుల కోసం వాటిని ఎవరి దగ్గర, ఏ ధరకు కొంటున్నారో అడగడానికి వేల ఎకరాల కంపెనీ అక్కర్లేదు.