ఆర్గన్ ఆపేస్తేనే పవిత్రమా?

పదహారో శతాబ్దపు చర్చి సంగీతంలో ఆర్గన్ వినిపిస్తే అపచారం జరిగిపోయినట్టు మొహం పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న మా క్వయర్‌లోనూ ఇదే గొడవ. పదహారో శతాబ్దపు స్పెయిన్ స్వరకర్త విక్టోరియా రాసిన మోటెట్ (ఒక్కో గొంతుకీ ఒక్కో పార్ట్ ఉండే భక్తి గీతం) పాడుతున్నాం, ఉన్నదే ఇద్దరు టెనర్లు (మగవాళ్లలో పై స్థాయి గొంతు), అందులో ఒకాయనకి జలుబు. పోనీ ఆ పార్ట్ ఆర్గన్ మీద వాయిద్దామంటే, "అబ్బే, ఒరిజినల్‌గా గొంతులే కదా" అనేశారు డైరెక్టర్ గారు.

ఎక్కడి ఒరిజినల్ అండీ? ఆర్గన్ లేకుండా పాడటం రోమ్‌లో పోప్ గారి సిస్టీన్ చాపెల్ ఆనవాయితీ. ఆ ఒక్క చోటి పద్ధతిని పంతొమ్మిదో శతాబ్దంవాళ్లు నెత్తికెత్తుకుని అందరికీ రూలు చేసి కూర్చున్నారు. దీనికి అందరూ ఉదాహరణగా చూపించే స్వరకర్త పాలెస్ట్రీనా ఆ క్వయర్‌లో పాడింది 1555లో కొన్ని నెలలే, పెళ్లైనవాడివి పనికిరావని పోప్ పంపించేశాడు. 1571 నుంచి చనిపోయేదాకా ఆయన పనిచేసిన సెయింట్ పీటర్స్‌లో ఆర్గనిస్టు కూడా ఉండేవాడు. వెనిస్ సెయింట్ మార్క్స్‌లో అయితే ఏకంగా రెండు ఆర్గన్లు. ఇక మేం పాడుతున్న విక్టోరియా? 1600లో మాడ్రిడ్‌లో వేసిన పుస్తకంలో ఆర్గన్‌కి విడిగా పార్ట్ అచ్చువేయించాడు, చివరి ఏళ్లలో ఆయన చేసిన ఉద్యోగమే ఆర్గనిస్టు!

మనుషులు చాలకపోవడమూ కొత్తేం కాదు. 1602లో ఇటలీ స్వరకర్త వియదానా తన పుస్తకం ముందుమాటలో వాపోయింది దీని గురించే: ఐదు, ఆరు, ఎనిమిది గొంతుల మోటెట్లను ఇద్దరు ముగ్గురు ఆర్గన్ పక్కన నిలబడి పాడేస్తున్నారు, లేని పార్టుల దగ్గర పాట ఆగిపోయి పొడుగాటి ఖాళీలు వస్తున్నాయి అని. అలాగని ఆర్గన్‌ని తీసెయ్యమనలేదు. ఒకరి నుంచి నలుగురి దాకా ఆర్గన్‌తో హాయిగా పాడుకునేలా వంద పాటలు రాసిచ్చాడు.

అయితే ఏ ఆర్గన్ పడితే అది కుదరదు, ఈ మాట మాత్రం ఒప్పుకుంటాను. ఇప్పటి కీబోర్డు శ్రుతిలో మేజర్ థర్డ్ (స నుంచి అంతర గాంధారం దాకా ఉండే దూరం) సహజంగా కుదిరేదానికంటే దాదాపు 14 సెంట్లు (సెంటంటే అరస్వరంలో నూరో వంతు) ఎక్కువ. శ్రుతి బాగా కుదిరిన తంబూరాలో ఎవరూ మీటకుండానే అంతర గాంధారం పలుకుతుంది చూడండి, క్వయర్ చెవి వెతికేది ఆ గాంధారాన్నే. గొంతులు అక్కడికి దిగుతుంటే ఆర్గన్ పైకి లాగుతుంది, ఆల్టోలు (ఆడవాళ్లలో కింది స్థాయి గొంతులు) నలిగిపోతారు, చివరికి తిట్లు వాయించేవాడికి. ఆ కాలపు ఆర్గన్లు మీన్‌టోన్ అనే పాత శ్రుతి పద్ధతిలో ఉండేవి, థర్డ్ అచ్చంగా కుదిరేది. అలాంటి దాని పక్కన ఆఖరి కార్డ్ పాడితే పుస్తకం పట్టుకున్న చేతిలోకి కూడా ఆ మోత వస్తుంది. ఇంకోటి, అన్ని స్టాపులూ (ఒక్కో రకం గొట్టాల వరసని పలికించే పిడులు) లాగేసి చర్చి అదరగొట్టక్కర్లేదు, ఎనిమిది అడుగుల ప్రిన్సిపల్ అనే స్టాపు ఒక్కటి చాలు.

మా దగ్గర ఉన్నది డిజిటల్ ఆర్గనే, మెనూలో మీన్‌టోన్ ఉంది, ఇన్నేళ్లలో ఎవరూ దాని జోలికి పోలేదు. వచ్చే రిహార్సల్‌కి నేనే మార్చేస్తా. కాకపోతే ఇప్పటి శ్రుతిలో ఒకే మీటతో సరిపోయే జి షార్ప్, ఎ ఫ్లాట్ మీన్‌టోన్‌లో వేర్వేరు స్వరాలు; అందులో జి షార్ప్ ఉంటుంది గానీ ఎ ఫ్లాట్ ఉండదు, తర్వాత ఎవరైనా అదే సెట్టింగ్ మీద ఎ ఫ్లాట్ కూడా వచ్చే నాలుగు ఫ్లాట్ల పాట మొదలుపెట్టి ఆర్గన్ ఊళ పెడుతోందంటే నన్ను అడగొద్దు.