పది నిమిషాల పనికి నాలుగొందలా?

ట్యాప్ కారుతోందని పిలిచిన ప్లంబర్ స్పిండిల్ (ట్యాప్ లోపల తిరిగే భాగం) మార్చి నాలుగు వందలు అడిగితే చాలా ఇళ్లలో వినిపించే మాట ఇదే. రెండొందలు చేతిలో పెట్టి పంపేస్తారు. అతను బండేసుకుని రావడం, చూడటం, హార్డ్‌వేర్ షాపుకెళ్లి సరిపోయే స్పిండిల్ వెతికి తేవడం మాత్రం ఎవరి లెక్కలోకీ రావు.

రోజుకు మూడు ఇళ్లు, ఇంటికి మూడు వందలు అనుకుందాం. పెట్రోలు, ఫోను, పనిముట్ల అరుగుదల పోను మిగిలేది ఏడు వందలు. నెలకు 24 రోజులు పని దొరికినా 17 వేలు దాటదు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది, దాని స్థానంలో ఇప్పుడు 2019 వేతనాల కోడ్ ఉంది. అయితే అవి ఒక యజమాని కింద పనిచేసేవారి కోసం. ఇంటింటికీ తిరిగే ఇతనికి యజమాని ఎవరు? అదే పని యాప్‌లో బుక్ చేస్తే కనిపించిన రేటు మారుమాట లేకుండా కడతాం. బేరమంతా గుమ్మంలో నిలబడ్డ మనిషితోనే.

పనితనానికీ విలువ కట్టాలి. బోరు నీళ్ల ఉప్పు పట్టి బిగుసుకుపోయిన, వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే వాల్ మిక్సర్‌ను విప్పేటప్పుడు గోడలోని నిపుల్ (పైపును కలిపే చిన్న ముక్క) విరిగిందంటే టైల్స్ పగలగొట్టాల్సిందే. ఎంత బలం పెట్టాలో, ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యి ఆ ఖర్చు తప్పిస్తుంది. అలాంటివాడు త్వరగా ముగించాడని డబ్బులు కోసేస్తే నేర్పుకు జరిమానా వేసినట్టే. పైగా కూలి గిట్టనివాడు తర్వాతి ఇంటికి పరుగెత్తాలి. సీపీవీసీ ప్లాస్టిక్ పైపు జాయింటుకు అతికించే సొల్యూషన్ పూశాక ఆరేదాకా ఆగకుండా నీళ్లు వదిలేస్తాడు. వారం తిరక్కుండా మళ్లీ లీకు.

కూలిలో తగ్గించింది సామాన్ల బిల్లులో ఎక్కడం కూడా మామూలే. కొన్ని షాపులు ప్లంబర్లకు కమీషన్ ఇస్తాయి, అది మన బిల్లులోంచే వస్తుంది. బాగుచేస్తే సరిపోయే ట్యాప్‌ను మార్చేయమనడానికి ఇదొక కారణం. దీన్ని నేను సమర్థించను. కానీ లేబర్ ఛార్జీ నిండుగా ఇచ్చిన ఇల్లుగలాయనకే సామాను తానే కొనుక్కుంటాననీ, తీసేసిన పాతది చూపించమనీ అడిగే హక్కు ఉంటుంది.

రేటు పని మొదలుపెట్టకముందే మాట్లాడుకోవాలి. వచ్చి చూసినందుకు విజిటింగ్ ఛార్జీ వేరుగా, కూలి వేరుగా, సామాను వేరుగా ఉండాలి. పూట పట్టే పనికి పూట కూలి, రాత్రిపూట పిలిస్తే అదనం. చేసిన చోటే వారంలోపు మళ్లీ కారితే అతను ఉచితంగా చేసివ్వాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు ఇవన్నీ నోటీసు బోర్డు మీద పెట్టవచ్చు, ఏటా సవరించవచ్చు. అయితే ఆ రేట్లు ఖరారు చేసే మీటింగులో ప్లంబర్‌కూ ఒక కుర్చీ వేయాలి.