సమృద్ధి మహామార్గం గారికి, గుంతల రోడ్లలో పెరిగిన డ్రైవర్లు రాసుకున్నది

మహారాజశ్రీ సమృద్ధి మహామార్గం గారి సముఖమునకు,

నాందేడ్ మీదుగా వచ్చి, నాగపూర్ నుంచి ముంబై వైపు పోయే ఎక్స్‌ప్రెస్‌వే అయిన తమరి మీదకు జాల్నా దగ్గర ఎక్కి షిర్డీ దగ్గర దిగే తెలుగు బండ్ల డ్రైవర్లు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఉభయుల్లో తమరు బాగానే ఉన్నట్టు కనబడుతున్నారు. మా కుశలం గురించే ఈ ఉత్తరం.

తమరి పూర్తి పేరు హిందూ హృదయ సమ్రాట్ బాలాసాహెబ్ ఠాక్రే మహారాష్ట్ర సమృద్ధి మహామార్గం. గంటకు 120 మీద పోయే బండి సెకనుకు 33 మీటర్లు పోతుంది. ఆ పేరు ఒకసారి నోరారా చదవడానికి నాలుగు సెకన్లు కావాలి. మొదలుపెట్టిన చోటికీ ముగించిన చోటికీ మధ్య 130 మీటర్ల రోడ్డు అయిపోతుంది. అందుకే వట్టి ‘సమృద్ధి’ అని పిలుచుకుంటున్నాం. చనువు అనుకోండి, అమర్యాద అనుకోకండి.

ఇక మా ఫిర్యాదు. తమరి మీద గుంతల్లేవు.

నవ్వకండి. మా రోడ్ల మీద పది నిమిషాలకో గుంత, ఊరికో స్పీడ్ బ్రేకరు, నడి రోడ్డున నింపాదిగా నెమరేసే గేదె, ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టరు, దాని ట్రాలీ నుంచి రాలిపడే గడ్డి ఉంటాయి. ఇవన్నీ మా ప్రాణం తీయడానికే ఉన్నాయనుకునేవాళ్ళం. మమ్మల్ని మేలుకొలపడానికి ఉన్నాయని తమరి మీదకు ఎక్కాకే తెలిసింది. గుంత మా అలారం. టీ బంకు మా బ్రేకు. తమరు రెండూ పీకేసి, మూడేసి లేన్లు తాడు కట్టి లాగినట్టు తిన్నగా పరిచి, గంటకు 150 కిలోమీటర్ల వేగానికి డిజైన్ చేసి, 120 దాటితే మాత్రం చలానా అన్నారు. ముందు బిర్యానీ పెట్టి పథ్యం చేయమన్నట్టుంది.

నిద్ర సంగతి ముందు చెప్పాలి. తిన్నని రోడ్డు మీద అరగంట ఒకే వేగంతో పోతే కళ్ళు తెరిచే ఉంటాయి, వెనకాల మనిషి ఉండడు. దాటిన బోర్డు ఏమిటని అడిగితే చెప్పలేడు. దానికి మా వాళ్ళు వాడే మందులు తమరికి తెలిసే ఉంటాయి: అద్దం దించడం, పాటలు గట్టిగా పెట్టడం, మొహాన నీళ్ళు కొట్టుకోవడం, వక్కపొడి నమలడం. ఇవన్నీ కాసేపు మేలుకున్నామన్న భ్రమను కలిగిస్తాయి, అంతే. పనిచేసే మందు ఒకటే ఉంది. బండిని ఆపే చోట ఆపి, ముందు టీ తాగి, తర్వాత ఇరవై నిమిషాలు సీటు వాల్చి పడుకోవడం. ఈ వరస మార్చకూడదు. టీలో ఉన్నది ఒంటికి పట్టడానికి దాదాపు ఆ ఇరవై నిమిషాలూ పడుతుంది కాబట్టి లేచే సరికి రెండూ కలిసి పనిచేస్తాయి. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు వరకు, మధ్యాహ్నం భోజనం చేశాక రెండు నుంచి నాలుగు వరకు ఈ మందు కూడా అంతంత మాత్రమే. ఆ వేళల్లో స్టీరింగు ఇంకొకరికి ఇవ్వడం మేలు. ఆ ఇంకొకరు పక్క సీట్లో గుర్రుపెడుతుంటారనుకోండి, అది వేరే సంగతి.

సరే, ఆపుదామంటే ఎక్కడ ఆపాలి? 2022 డిసెంబరు 11న ప్రధాని చేతుల మీదుగా నాగపూర్ నుంచి షిర్డీ దాకా 520 కిలోమీటర్లు తెరిచారు. పెట్రోలు బంకులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. తిండి, మరుగుదొడ్డి సంగతి దేవుడెరుగు. ముహూర్తం పెట్టేసుకుని, పెళ్ళివారు వచ్చాక వంటవాడి కోసం వెతికినట్టు జరిగింది. ఆ మొదటి రోజుల్లో మా వాళ్ళు నేర్చుకున్న పాఠం ఏమిటంటే, డాష్‌బోర్డు మీద ‘ఇంకా 300 కిలోమీటర్లు పోతుంది’ అని కనిపించే అంకెను నమ్మకూడదు. ఆ లెక్క ఇప్పటిదాకా తాగిన డీజిలును బట్టి వేసింది. ఊళ్ళ మధ్య 80 మీద వచ్చిన బండి ఇచ్చిన మైలేజీ 120 మీద రాదు. 90 మీద పోయేటప్పుడు బండిని వెనక్కి నెట్టే గాలి బలం 120కి వచ్చేసరికి దాదాపు 1.8 రెట్లవుతుంది. పైన క్యారియరు, దాని మీద మూటలు, మూటల మీద ఎగిరే టార్పాలిన్ ఉంటే ఇంకా చెప్పక్కర్లేదు. కరెంటు కార్ల వాళ్ళ అవస్థ చూస్తే మా డీజిలు బాధ బాధే కాదు.

టైర్ల గురించి మాత్రం కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి.

తమరు తెరుచుకున్న కొద్ది నెలలకే రవాణా శాఖ వాళ్ళు ఎక్కే చోటే కాపు కాసి టైర్లు చూడటం మొదలుపెట్టారు. బోడి టైర్లున్న బండ్లను వెనక్కి పంపారు. వేగంగా వచ్చిన వాళ్ళను కూర్చోబెట్టి పాఠం చెప్పి, ఇంకెప్పుడూ చేయమని ప్రమాణం చేయించారు. బడిలో తప్పించుకున్న గుంజీళ్ళు ఎక్కడో ఒకచోట తగులుతాయి కదా.

పేలిన ప్రతి టైరుకూ మా వాళ్ళు తమరినే తిట్టారు. కాంక్రీటు వేడి అన్నారు, కాంక్రీటు గరుకు అన్నారు. తమరి తప్పు బొత్తిగా లేదనం కానీ, ఆ టైరు ఎక్కడిదో కూడా చూద్దాం. ఏడుగురు ఎక్కిన ఒక పెద్ద బండిని ఊహించుకోండి. డిక్కీలో 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు, బియ్యం, గ్యాస్ పొయ్యి, పులిహోర డబ్బా. గాలి ఎంత పెట్టాలని అడిగితే మిషన్ దగ్గరి కుర్రాడు ‘అన్నింటికీ 30’ అంటాడు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. ఇద్దరెక్కితే ఎంత, నిండుగా ఎక్కితే ఎంత అని రెండు అంకెలు విడివిడిగా రాసి ఉంటాయి. ఆ రెండో అంకెను కొనుక్కున్న రోజు నుంచి ఎవరూ చూసిన పాపాన పోరు.

గాలి తక్కువైతే ఏమవుతుందంటారా? మామూలు కారు టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు రెండు మీటర్లు. 120 మీద గంటకు 60,000 చుట్లు. గాలి చాలని టైరు నేలకు తగిలిన ప్రతిసారీ పక్క గోడ మడత పడి మళ్ళీ విప్పుకుంటుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే వేడెక్కి తెగుతుంది చూడండి, అదే పని గంటకు 60,000 సార్లు. మన గుంతల రోడ్ల మీద అదే టైరు ఐదేళ్ళు బతుకుతుంది. ఎందుకంటే అక్కడ అరగంటకోసారి ఏదో ఒక గేదె దానికి విశ్రాంతి ఇస్తుంది.

కాబట్టి తమరి దగ్గరికి వచ్చే ముందు చేయాల్సినవి. పొద్దున్నే, బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించాలి. గంట ప్రయాణం తర్వాత 33 పెట్టిన చోట 36, 37 కనబడితే కంగారుపడి తీయకూడదు. వేడికి పెరగడం మామూలే. తీస్తే చల్లారాక అసలుకే మోసం. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 2219 అని ఉంటే 2019లో 22వ వారంలో పుట్టింది. బటన్లు, అంటే నేలకు తగిలే రబ్బరు గళ్ళు, నిండుగా ఉన్నా ముసలి రబ్బరు ముసలిదే, పక్క గోడల మీద సన్నటి బీటలు కనిపిస్తే ఇక ఊరి చుట్టూ తిరగడానికి ఉంచుకోవాలి. గీతల మధ్య చిన్న గట్టుల్లాంటివి ఉంటాయి. బటన్ అరిగి వాటితో సమానమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే, అక్కడితో దాని ఉద్యోగం అయిపోయింది. స్టెప్నీలో గాలి చూడటం ఎవరికీ గుర్తుండదు. కొన్ని కార్లకు సన్నటి స్టెప్నీ ఇస్తారు. దాని మీద 80 అని రాసి ఉంటుంది, అది వేగం, ధర కాదు. నైట్రోజన్ కొట్టించాం కాబట్టి మాకేం కాదనే వాళ్ళకు ఒక మాట: మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. గాలి ఏదైనా లెక్క సరిపోవాలి.

అన్నీ చూసుకున్నా టైరు పేలిందే అనుకోండి. కాలు బ్రేకు మీదికి దానంతటదే పోతుంది. పోనివ్వకూడదు. రెండు చేతులా స్టీరింగు బిగించి తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటరు మెల్లగా వదిలి, వేగం దానంతటదే తగ్గాక ఎడమ అంచుకు రావాలి. గట్టిగా బ్రేకు తొక్కితే బండి పేలిన వైపుకు గింగిరాలు తిరుగుతుంది.

ఇంతా చేసి, 2025 సెప్టెంబరులో ఒక రాత్రి ఛత్రపతి సంభాజీనగర్ దగ్గర బండ్లకు వరసగా పంక్చర్లయ్యాయి. జనం మేకులనుకున్నారు. చూస్తే తమరి కాంక్రీటులో పడిన బీటల్లోకి మందు ఎక్కించడానికి గుచ్చిన అల్యూమినియం నాజిళ్ళు! సూది గుచ్చింది తమరికి, గాలి పోయింది మాకు. గుంతల్లేవన్న మా ఫిర్యాదును ఇంత మనసుకు పట్టించుకుంటారని అనుకోలేదు.

నవ్వు రాని చోటు ఒకటుంది. 2023 జూలై 1న అర్ధరాత్రి దాటాక బుల్ఢాణా జిల్లాలో బస్సు బోల్తా పడి, తగలబడి, 25 మంది పోయారు. తలుపున్న వైపుకే పడటంతో బయటికి దారి లేకపోయింది. అప్పట్నుంచి మాలో కొంతమంది బస్సు ఎక్కగానే చార్జింగు పాయింటు కంటే ముందు అత్యవసర ద్వారం ఎటుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూస్తున్నారు. చాలా బస్సుల్లో సుత్తి తగిలించే కొక్కెం ఒక్కటే ఉంటోంది.

లేన్ల విషయంలో తప్పు పూర్తిగా మాదే, దాచం. ఎడమది లారీలకు, మధ్యది మామూలుగా పోయే వాళ్ళకు, కుడి చివరిది దాటడానికి మాత్రమే. మా వాళ్ళు కుడి చివరి లేన్‌ను తాతలిచ్చిన మాగాణిలా చూసుకుంటారు. సరుకు లారీకి తమరి మీద 80 దాటకూడదు. ఆ 80 మీద కుడి లేన్లో పోతూ, మధ్య లేన్లో 78 మీద పోయే ఇంకో లారీని దాటడానికి నాలుగైదు కిలోమీటర్లు తీసుకుంటారు. వెనకాల కారు డిప్పర్ కొట్టి కొట్టి విసిగి ఎడమ వైపు నుంచి దూరుతుంది. ప్రమాదాలు అక్కడే పుడతాయి.

ఇక ఫొటోలు. రోడ్డు అంచున బండి ఆపి, పిల్లల్ని రెయిలింగు మీద కూర్చోబెట్టి రీలు తీసుకునే వాళ్ళకు వెనక నుంచి వచ్చేది గంటకు 120 అని గుర్తుండదు. నిజంగానే బండి చెడిపోతే ఎరుపు త్రికోణం డిక్కీ వెనకే ఆనించి పెడతారు. 120 మీద వచ్చే వాడు చూసి, కాలు కదిపి, ఆపడానికి పొడి రోడ్డు మీదే 110 మీటర్ల పైన కావాలి. అందుకని నూట యాభై అంగలు వెనక్కి నడిచి పెట్టండి, ఆ నడక కూడా రెయిలింగు అవతల నుంచే. మనుషులంతా రెయిలింగు అవతలే నిలబడాలి. బండిలో కూర్చుని మెకానిక్ కోసం ఎదురుచూడకూడదు.

తమరు నాలుగు విడతల్లో వచ్చారు. షిర్డీ దాకా 520 అయ్యాక 2023 మే 26న భర్వీర్ వరకు 80, 2024 మార్చి 4న ఇగత్‌పురి దాకా 25, చివరి 76 కిలోమీటర్లు 2025 జూన్ 5న. చిట్టీ డబ్బులు ఇచ్చినట్టు మొత్తం 701 లెక్క సరిపోయింది. మధ్యలో ఎక్కడ ఆగితే అక్కడ మమ్మల్ని పాత రోడ్డు మీద దింపారు. రెండు గంటలు 120 మీద వచ్చిన కంటికి 60 అంటే నడిచినట్టుంటుంది. దిగే వంపులో 40 అన్న బోర్డు ఉంటే మా వాడు మీటరు చూడకుండా 80 మీద తిప్పి, ‘మెల్లగానే వచ్చాను కదా’ అంటాడు. దిగేటప్పుడు కాలిని నమ్మొద్దు, ముల్లును చూడాలి.

టోల్ సంగతి: మొదట్లో కారుకు కిలోమీటరుకు 1.73 రూపాయలు, నాగపూర్ నుంచి షిర్డీకి 900. 2025 ఏప్రిల్ నుంచి 2.06 రూపాయలు, మొత్తం దూరానికి 1,445. ఎంత దూరం పోతే అంతే కాబట్టి ఎక్కిన చోటు లెక్కలో పడటం ముఖ్యం. ఫాస్టాగ్ అద్దం మీద వంకరగా అంటించి, దాని మీద సాయిబాబా స్టిక్కరు పెట్టుకుంటే మిషన్‌కు బాబా కనిపిస్తాడు, బండి కనబడదు. దిగే చోట జరిగే వాదన అర్ధగంట.

ఆఖరున ఒక మనవి. తమరి మీద దిగాల్సిన చోటు ఒకసారి దాటిపోతే యూ టర్న్ లేదు, రివర్సు చేయడం ఆత్మహత్యతో సమానం, తర్వాతి ఇంటర్‌ఛేంజ్ దాకా పోవాల్సిందే. ఈ ఉత్తరం షిర్డీ టోల్ బూత్‌లో ఇద్దామని రాస్తూ వచ్చాం. పక్కన కూర్చున్న వాడు చదువుతుంటే విని నవ్వుతూ షిర్డీ బోర్డు దాటేశాం. ముందుకు పోయి దిగి, మళ్ళీ ఎక్కి, వెనక్కి వచ్చి ఇస్తాం. ఆ అదనపు టోల్ తమరి ఖాతాలో రాసుకోగలరు.

ఇట్లు,
మధ్య లేన్‌లో, వందకు లోపే,
తమరి విధేయులు